అక్షరం తెగకూడదన్న మా వదినగారు

పోయిన నెల ఒక ఉదయం అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. గుండె జబ్బని తెలుసు. ఆపరేషన్ అయ్యాక కోలుకుంటున్నారనే అనుకుంటున్నాం. కొత్తపేటలో మా ఇంటికి తాళం వేశాను. ఆ తర్వాత రాజోలు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుంటే ఒక్కటే మాట మనసులో తిరిగింది. ఆవిడ ఏం చేసి వెళ్ళారో ఈ బస్సులో ఎవరికీ తెలియదు. తెలియాలని ఆవిడా ఏనాడూ కోరుకోలేదు. నాకు మాత్రం చెప్పాలని ఉంది.

ఆవిడ అమలాపురంలో లెక్కలతో డిగ్రీ చదివారు. అన్నయ్యకి దోహాలో ఉద్యోగం వచ్చాక, తొంభైల చివర్లో, కాకినాడ వెళ్ళి కంప్యూటర్ నేర్చుకొచ్చారు. రాజోలు బస్టాండుకి దగ్గర్లో ఒక గది తీసుకుని ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. నేను చదువు ముగించి ఆవిడతో పాటు అక్కడే పనిచేసేదాన్ని. మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్న మనిషికి నాలుగు మాటలు చెప్పుకోవాలని మలికిపురం వైపు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. పంపే ముందు వదినగారు ఆ సందేశాన్ని పైకి చదివి, "ఇదేనాండీ మీరన్నది?" అని అడిగేవారు. అవతలివాళ్ళు "ఆయ్, ఇదేనండి" అనాలి. అనేదాకా పంపనిచ్చేవారు కాదు.

కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు కనిపించడం మొదలయ్యాక, ఈ సందేశాల కోసం ఆవిడే ఒక వెబ్‌సైట్ తయారుచేశారు. మొత్తం మొదటినుంచీ రాయలేదు. సైటు కట్టుకునేవాళ్ళకి కావలసిన పునాదీ గోడలూ తలుపులూ ముందే సిద్ధం చేసి, దేశదేశాల వాళ్ళు కలిసి ఉచితంగా ఇచ్చే సామగ్రి ఉంటుంది. దాన్ని వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. అలాంటి ఒకదాని మీద ఆవిడ మా సైటు కట్టారు.

కట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఏడిపించడమే ఆవిడ పని. వయసు రాయమన్న చోట "కొబ్బరికాయ" అని కొట్టేవారు. పేరు రాయాల్సిన చోట వట్టి చుక్కలు పెట్టేవారు. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన చూసి, "అదేంటమ్మా, వయసెంతంటే కొబ్బరికాయంటారు?" అన్నాడు.

"ఎవరైనా అలా రాస్తే మన సైటు ఏం చేస్తుందో చూడాలి కదండీ. రాసేవాళ్ళు ఏవైనా రాస్తారు. పుచ్చుకునేవాళ్ళం మనం చూసుకోవాలి" అన్నారు వదినగారు.

ఒక వానాకాలం ఒకావిడ భర్తకి కబుర్లన్నీ చెబుతూ పోయింది. గేదె ఈనింది, అత్తగారి మోకాలు వాచింది, పిల్లకి పళ్ళూడుతున్నాయి. నేను కొడుతూనే ఉన్నాను. సందేశం పెట్టె నిండి చివరి మాట తెగిపోయింది. పంపాక చూస్తే ఆ తెగిన అక్షరం చోట ఒక ప్రశ్నార్థకం ఉంది. దాని కింద ఉండాల్సిన సగం పేజీ లేదు. కంప్యూటర్ పాడైందనుకున్నాను.

వదినగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పాడవలేదమ్మా. ఇది మిగతా పేజీని మింగేసింది. ఎందుకు మింగిందో చూడాలి."

కొన్నాళ్ళు ఆవిడకి అదే లోకం. అన్నం తింటూ కూడా గోడకేసి చూసేవారు. చివరికి పట్టుకున్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పారు. "ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గది చాలు. మన అక్షరానికి మూడు గదులు కావాలి. ఈ ఫ్రేమ్‌వర్క్ అక్షరాల్ని లెక్కపెట్టట్లేదు, గదుల్ని లెక్కపెట్టి కోసేస్తోంది. సందేశం ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తొకటి ఉంటుంది. సగం తెగిన మన అక్షరం ఆ గుర్తుని కూడా తనలో కలిపేసుకుంటోంది."

"అయితే ఏమవుతుంది వదినా?"

"ముగింపు పోయింది కదా. ఆ తర్వాతి పెట్టెలో ఎవడేం రాసినా అది రాత కాదిక. కంప్యూటర్ దాన్ని ఆజ్ఞ అనుకుంటుంది."

నాకు నమ్మకం కుదరలేదు. ఆవిడ తన కంప్యూటర్లో నాకొక సందేశం రాసి పంపి, "ఆ మూల మిషన్లో సందేశం తెరువు" అన్నారు. తెరిచాను. పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వమని అడిగింది, అచ్చం మా సైటు అడిగినట్టే. ఇచ్చాను. ఆవిడ తన తెర మీద చూస్తూ నా పాస్‌వర్డ్‌ని ఒక్కో అక్షరం పైకి చదివారు. గబుక్కున ఆ పేజీ మూసేశాను.

మా సైటు వరకు ఆవిడ ఆ రోజే సరిచేసుకున్నారు. మనకి ఇబ్బంది తప్పింది కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "గల్ఫ్ పంపే ఏజెంట్ల సైట్లు చాలా ఈ ఫ్రేమ్‌వర్క్ మీదే ఉన్నాయమ్మా. మనవాళ్ళ పాస్‌పోర్ట్ నంబర్లన్నీ వాటిలోనే ఉంటాయి. ఇంకా ఎన్ని దేశాల్లో ఎన్ని ఉన్నాయో. కన్నం పునాదిలో ఉంది, అక్కడే పూడ్చాలి. పూడ్చేదాకా ఈ మాట ఈ గది దాటకూడదు."

ఫ్రేమ్‌వర్క్ చూసుకునేవాళ్ళకి రహస్యంగా మెయిల్ రాశారు. మేము ప్రయత్నించాం, మాకేమీ కనబడలేదని జవాబు వచ్చింది. వాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో ప్రయత్నించారు మరి. ఈసారి వదినగారు తెలుగు వాక్యం పెట్టి పంపారు. వెంటనే జవాబు వచ్చింది. ఇది చాలా ప్రమాదం, సరిచేసిన ఫ్రేమ్‌వర్క్‌ని కొత్త విడుదలగా తొందరగా తెస్తున్నాం, ఇకనుంచి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప ఇంకేవీ లోపలికి రానివ్వం అని.

ఆవిడ ఆ మెయిల్ రెండుసార్లు చదివారు. కోపం వస్తే ఆవిడ కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుస్తారు. తుడుస్తూనే అన్నారు. "దొంగ వచ్చేడని మనల్ని ఊళ్ళోంచి పొమ్మంటున్నారు."

కన్నం పూడితే చాలని ఊరుకోవచ్చు. నేనైతే ఊరుకునేదాన్ని. ఆవిడ కూర్చుని ఆ దిద్దుబాటు తనే రాశారు. వచ్చిన రాతని ముందు పూర్తిగా అక్షరాలుగా విప్పాలి, ఆ తర్వాతే తనిఖీ చెయ్యాలి. కొలత అక్షరాలతో ఉండాలి, గదులతో కాదు. విరిగిన అక్షరం వస్తే గుమ్మంలోనే ఆపాలి. తిరిగి చూపించేటప్పుడు రాతని రాతగానే చూపించాలి. ఏ భాషకీ అడ్డు చెప్పకూడదు. నాకు ఒక్కొక్కటే చెప్పి, "ఇంతేనమ్మా" అన్నారు. ఏదో ముగ్గులో చుక్కలు కలిపినట్టు.

పంపుదామనుకునేసరికి వానలకి ఫోన్ లైన్లు పోయాయి. వాళ్ళ కొత్త విడుదల దగ్గరపడింది. అది బయటికి వచ్చేస్తే ఇంగ్లీషు తప్ప అన్నిటికీ తలుపు మూసినట్టే. వదినగారు రెండు ఫ్లాపీల్లో అదే పని ఎక్కించి, ఒకటి పోయినా ఒకటి ఉంటుందని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రవికలో పెట్టుకున్నారు. ఇద్దరం అమలాపురం బస్సెక్కాం. దారంతా చేలల్లో నీళ్ళే. బస్సు రెండుచోట్ల ఆగిపోయింది. ఆవిడ ఒక చెయ్యి గుండెల మీంచి తియ్యలేదు.

అమలాపురంలో ఒక సెంటర్లో లైను ఉంది. మొదటి ఫ్లాపీని అక్కడి కంప్యూటర్ చదవలేదు. రెండోదాన్ని చదివింది. పంపి, అక్కడే బల్ల మీద కూర్చున్నాం. అవతలనుంచి జవాబు: మీ పద్ధతి బాగుంది గాని, ప్రతి అక్షరాన్నీ చూస్తే పేజీలు కాస్త నెమ్మదిస్తాయి కదా? ఆవిడ ఒక్క వాక్యం రాశారు. రాసి, అలవాటు ప్రకారం నాకు తెలుగులో పైకి చదివి వినిపించారు. "నెమ్మదిగానైనా మా పేరు పూర్తిగా రావాలండీ."

వాళ్ళు విడుదల ఆపారు. ఆవిడ రాసింది తీసుకున్నారు.

కొత్తది వచ్చి, సైట్లవాళ్ళు మార్చుకోవడానికి కొంత గడువు పెట్టారు. అప్పటిదాకా సంగతి బయటికి రాకూడదు. ఆ మధ్యలో అన్నయ్య దోహా నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "ఏంటి సంగతులు?" అనేవాడు. "ఏవీ లేవండీ, వానలు" అనేవారు ఈవిడ. నేను పక్కనే నిలబడి వినేదాన్ని. ఎన్ని ఇళ్ళ తలుపులు ఎలా తెరుచుకుంటాయో ఆ మనిషికి తెలుసు. తెలిసీ, ఆ గొంతులో వానల సంగతి తప్ప ఏమీ లేదు.

అంతా బయటపడ్డాక కృతజ్ఞతల దగ్గర ఆవిడ పేరూ, పక్కన రాజోలు అనీ వేశారు. ఆవిడ పంపిన తెలుగు వాక్యాన్ని వాళ్ళ పరీక్షల్లో చేర్చారు. ఎక్కడ ఎవరు ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఏ మార్పు చేసినా, ముందు ఆ వాక్యం లోపలికి వెళ్ళి చెక్కుచెదరకుండా బయటికి రావాలట. నేను సంబరపడి అందరికీ చెబుదామన్నాను. "చెప్పి ఏం చేస్తాం? ఏమీ జరగలేదని చెప్పాలా?" అని నవ్వేశారు. నిజమే, ఆవిడ చేసిందంతా అదే. ఏమీ జరగకుండా చూశారు.

కొన్నాళ్ళకి ఒక మెయిల్ వచ్చింది. రాసినవాళ్ళది ఏ దేశమో తెలియదు. ఇంగ్లీషులో ఒకే ముక్క: ఇప్పుడు మా అక్షరాలు కూడా తెగడం లేదు, ధన్యవాదాలు. కింద పేరు మాత్రం వాళ్ళ లిపిలో ఉంది. అది మా ఇద్దరికీ చదవడం రాదు. వదినగారు కుర్చీ ముందుకి జరుపుకుని వంగారు. "చూడమ్మా, ఎంత గుండ్రంగా ఉన్నాయో" అన్నారు. బయట మలికిపురం బస్సు హారన్ కొడుతోంది. ఆవిడ వినిపించుకోలేదు. పలక మీద అక్షరాలు దిద్దుకునే పిల్లలా చూపుడువేలు తెర మీద ఆనించి, తెలియని ఆ పేరు వంపుల మీదుగా మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా పోనిస్తున్నారు.