ఏడాదికొకసారి తెరిచే పట్టిక: విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా

నేను చేసే పనికి ఊళ్లు తిరగాల్సిన అవసరం మామూలుగా రాదు. హైదరాబాద్‌లో కుర్చీలోంచి లేవకుండా ఎక్కడెక్కడి కంపెనీల క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లనో మెటాడేటా క్యాటలాగ్‌కి కలపడం నా ఉద్యోగం. వేర్‌హౌస్ అంటే పేరులోనే ఉంది, గోదాము. ఆ గోదాములో ఏ మూట ఎక్కడుంది, అందులో ఏముంది, ఎవరు దించారు, చివరిసారి ఎవరు విప్పారు అని చెప్పే జాబితాయే క్యాటలాగ్. అది మూట విప్పదు, మూట మీద చీటీ మాత్రం చదువుతుంది. జూన్‌లో విరుదునగర్ నుంచి ఒక పని వచ్చింది. కోవిల్‌పట్టి, విళాత్తికుళం వైపు రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీ అది. మిరప, మినుము, సజ్జ, పత్తి కొని అమ్ముతారు. కలపడం ఇక్కడి నుంచే అయిపోయింది. తొంభై రోజులుగా ఎవరూ ముట్టుకోని టేబుళ్లన్నీ, అంటే ఆ గోదాములోని మూటల్లాంటి పట్టికలన్నీ ఏరి, 'వాడుకలో లేనివి' అని ముద్ర వేసి పంపేశాను. వేర్‌హౌస్‌ని కొత్త చోటికి మారుస్తున్నారు, పాత సరుకు మోసుకుపోవడం ఎందుకని నా సలహానే. అప్పగింతకు మాత్రం మనిషి రావాలన్నారు. సరే, ఆఫీసు ఖర్చుతో మధురై అమ్మవారిని చూసి రావచ్చని బయల్దేరాను. అమ్మవారిని చూడనే లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

జూలై రెండో వారం, గురువారం. హైదరాబాద్ నుంచి మధురైకి పొద్దుటి విమానం ఎక్కితే గంటన్నరలో దిగిపోతాం. ఊళ్లోకి వెళ్లకండి. విమానాశ్రయం నుంచి తిరుమంగళం దాకా ఆటో మాట్లాడుకుంటే నాలుగు వందల్లో అయిపోతుంది, అక్కడ తిరునెల్వేలి వైపు వెళ్లే ఏ బస్సయినా విరుదునగర్ మీదుగానే పోతుంది. ముప్పావుగంట ప్రయాణం, టికెట్ నలభై లోపే. కిటికీ పక్కన కూర్చున్నాను. మాది తెనాలి దగ్గర కాలువ కింద ఊరు. ఏడాదిలో ఏ నెలైనా ఎక్కడో ఒక చోట పచ్చగా కనపడకపోతే నా కళ్లకు తోచదు. ఇక్కడ నల్లటి నేల నోరు తెరుచుకుని అలా పడి ఉంది. ఎక్కడా ఒక్క మొలక లేదు. దూరంగా గాలిమరలు మాత్రం తిరుగుతున్నాయి. ఈ నేలలో ఏం పండుతుందిరా దేవుడా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు మర్నాడు సిగ్గుపడ్డాను.

విరుదునగర్‌లో నూనె పరోటా తినకుండా రాకూడదు. పెనం మీద కాల్చరు, నూనెలో వేయిస్తారు. పైన కరకర, లోపల పొరలు పొరలుగా మెత్తన. బస్టాండ్ దగ్గరి చిన్న హోటల్లో రెండు పరోటాలు, సాల్నా అనే పల్చటి కూర కలిపి తొంభై లోపే అయింది. రెండు చాలన్నాను వచ్చీరాని అరవంలో. వంటాయన నన్ను ఎగాదిగా చూసి, మూడోది తానే వేసేసి దానికి డబ్బు తీసుకోలేదు.

ఆఫీసులో ముత్తుకుమార్ గారని, కంప్యూటర్ల వ్యవహారమంతా ఆయనే చూసుకుంటారు. అరవం, ఇంగ్లీషు తప్ప రాదు, నిదానస్థుడు. తీసేయాల్సిన నలభై చిల్లర టేబుళ్ల జాబితా ఆయన ముందు పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఆరింటికి వాటంతట అవే పోయేలా ఆయన అప్పటికే ఏర్పాటు చేసి ఉంచారు. పోయాక వారం రోజుల్లో అడిగితే తిరిగి తేవచ్చు, ఆ తర్వాత ఎవరూ తేలేరు. జాబితాలో ఒక పేరు దగ్గర నా వేలు ఆగింది. కోవిల్‌పట్టి పదును అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. యజమాని గడి ఖాళీ, వివరం గడి ఖాళీ. లోపల ఒక నిలువు వరసంతా సున్నా, ఒకటి, రెండు తప్ప ఇంకేమీ లేదు, మిగతా వరసల్లో నాకు అర్థం కాని పొట్టి గుర్తులు, అంకెలు. ఎవరో ప్రయోగానికి పెట్టి మర్చిపోయిన చెత్తలా కనిపించింది. కానీ ఆ పేరు మాత్రం అచ్చమైన తెలుగు మాట. ఇదేమిటని అడిగితే ఆయన భుజాలెగరేసి, కోవిల్‌పట్టి విత్తనాల షెడ్డు వాళ్లది, రేపు వెళ్తే అడిగి రండి అన్నారు. టేబుల్ కోసం కాదు, ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో చూద్దామని వెళ్లాను.

శుక్రవారం ఎనిమిదింటికి బస్సెక్కాను. సాత్తూరులో పది నిమిషాలు ఆగింది. దిగి పావుకిలో కారాసేవు కొనుక్కుని, కోవిల్‌పట్టి చేరేసరికి సగం ఖాళీ చేశాను. మొత్తం గంటన్నర, టికెట్ అరవై లోపే. షెడ్డు ఊరి చివర, విళాత్తికుళం రోడ్డులో ఉంది. ఆ టేబుల్ సంగతి రెంగమ్మాళ్ అనే ఆవిడకే తెలుసు, ఊళ్ల మీదికి వెళ్లింది, భోజనాలయ్యాక వస్తుందన్నారు. రేకుల కింద గాలికి జుట్టు చెదిరిపోతుంటే కూర్చున్నాను. మూడింటికి కాస్త ముందు ఒక మోపెడ్ వచ్చి ఆగింది. యాభై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి, చీర కొంగు నడుముకు బిగించుకుని దిగింది. చేతి గోళ్లలో నల్లమట్టి ఉంది. నేను అరవంలో తడుముకుంటుంటే రెండు మాటలకే పట్టేసింది.

"తెలుగమ్మాయివా? దా అమ్మణి, ఈడ కూకో. గాలిలో శానా సేపు ఉండావు, మొదల మోరు తాగు."

మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆవిడ వాళ్లు ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో ఆవిడకే తెలియదట. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మనం 'అదే' అని నొక్కి చెప్పినట్టు మాటకు చివర 'దా' అని ఒత్తి పలుకుతుంది, అరవం నుంచి వచ్చిన అలవాటు. చదవడం, రాయడం అరవంలోనే. తెలుగు చెవులతో తప్ప కళ్లతో ఎరగదు. నేను లాప్‌టాప్ తెరిచి ఆ టేబుల్ చూపించాను. తొంభై రోజులుగా దీన్ని ఎవరూ తెరవలేదు, అందుకని ఈ సాయంత్రం తీసేస్తున్నాం అని, పనికిమాలిన సామాను ఊడ్చేసినంత తేలిగ్గా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. నా వైపు జాలిగా చూసింది.

"అమ్మణి, ఇది దినాం తీసే సామానా? పురటాసిలో మొదటి వాన పడితే దా తీస్తాము. ఏడాదికి ఒక తూరి. అది దా మాకు చాలు."

పురటాసి అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా. తొంభై రోజులని నియమం పెట్టింది నేనే. టూల్‌లో మొదట్నుంచీ ఉన్న అంకె అది, మార్చొచ్చు కూడా. కానీ నాకు మార్చాలని తోచలేదు. కాలువలో నీళ్లు వదిలే తేదీ చూసుకుని నారు పోసుకునే ఊళ్లో పుట్టినదాన్ని, మూడు నెలలు ముట్టుకోని వస్తువు చచ్చినట్టే లెక్క నాకు. వారం రోజుల్లో అడిగితే తిరిగి తెస్తామన్న భరోసా ఈవిడకు దేనికి పనికొస్తుంది? ఈవిడ అడిగేది సెప్టెంబరులో.

ఆ సున్నా, ఒకటి, రెండు ఏమిటని నెమ్మదిగా అడిగాను. ఆవిడ షెడ్డు పక్కన తొట్టి కింద తడిసిన మట్టిని పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూయించింది. తెరిస్తే పొడి అయిపోతే సున్నా. చేతికి బంకలా అంటుకుంటే రెండు. ఉండ నిలిచి, చెయ్యి శుభ్రంగా ఉంటే ఒకటి.

"ఆ ఒకటి ఉండాదే, అది దా పదును," అంది. "ఆ నాడు ఏసిన విత్తనం మొలుస్తుంది. ముందు రోజు ఏస్తే కుళ్లుకు, మర్నాడు ఏస్తే చీమలకు."

ఏడేళ్లుగా మొదటి వాన పడిన ప్రతిసారీ ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఊరూరూ తిరిగి చేను చేనుకూ పిడికిలి పట్టి చూశారు. వాన పడ్డాక ఏ చేను ఎన్నాళ్లకు ఒకటికి వచ్చింది, ఆ రోజు ఏ విత్తనం పడింది, నూటికి ఎన్ని మొలిచాయి, అంతా అందులోనే ఉంది. కొత్త ఏడు మొదటి వాన పడగానే పొద్దున్నే పట్టిక తెరిచి, మీ చేలో ఈరోజే చల్లుకోండి, మీరు రెండు రోజులు ఆగండి అని ఫోన్లు చేస్తారట. ఇక్కడ బోరు లేదు, కాలువ లేదు. రెండోసారి చల్లడానికి చాలామంది దగ్గర విత్తనం ఉండదు. తప్పితే ఆ ఏడు అంతే. మరి నోటుపుస్తకాల్లో లేదా అని ఆశగా అడిగాను. చెద తినేసిందట. అందుకే కంప్యూటర్లో పెట్టించుకున్నారట. ఉన్న ఒక్క ప్రతీ నేను చెత్త అని ముద్ర కొట్టినదే.

అప్పటికి మూడున్నర. నాకు ఆ వేర్‌హౌస్‌లో చదివే అనుమతి తప్ప మరేదీ లేదు, అంతకు మించి ఇవ్వొద్దని మొదట్లో గొప్పగా చెప్పింది కూడా నేనే. ముత్తుకుమార్ గారికి ఫోన్ చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. మళ్లీ చేశాను. ఆఫీసుకు చేస్తే సాత్తూరు వెళ్లారన్నారు. ఆవిడ మాత్రం నా పక్కనే కూర్చుని నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నాలుగూ ఇరవైకి ఆయన ఫోనెత్తారు. ఉన్నదున్నట్టు చెప్పి, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన, మొత్తం తీసివేతనే తన ఫోన్లోంచి ఆపేస్తున్నానని, నేను అక్కడే ఉండి వివరం గడి సరిగ్గా నింపమని అన్నారు. అయిదు నిమిషాల్లో ఆపేసినట్టు సందేశం వచ్చింది. రెంగమ్మాళ్ గారికి చెప్తే తలూపి, సరి, ఇంక పని చూడు అంది.

క్యాటలాగ్‌లో తొంభై చెరిపి మూడు వందల అరవై అయిదు అని పెట్టి, ఏడాది పొడుగునా ఎవరు దేన్ని తెరిచి ఎక్కడ వాడారో మళ్లీ చదవమన్నాను. నలభై నిమిషాలు పట్టింది. ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్ పుట్టిందో గీతలు గీసి చూపించే బొమ్మ ఒకటి ఉంటుంది. అంతకుముందు పదును ఆ బొమ్మలో ఒంటరిగా ఓ మూల పడి ఉండేది. ఇప్పుడు దాని నుంచి ఒక గీత బయల్దేరి విత్తనాల పంపిణీకి వెళ్లింది. అక్కడి నుంచి పంట అంచనాకు, అక్కడి నుంచి కొనుగోలుకు, గోదాముల్లో చోటుకు, లారీలకు, చివరికి విరుదునగర్ ఆఫీసు గోడ మీద ముత్తుకుమార్ గారు రోజూ చూసుకునే పెద్ద తెరకు. అన్ని గీతలనూ వెనక్కి పట్టుకుని వస్తే మొదట్లో ఉన్నది ఒక ఆడమనిషి పిడికిలి. పదిహేనేళ్లుగా ఇలాంటి బొమ్మలు కొన్ని వందలు చూసి ఉంటాను, ఒక్కదానికీ కళ్లు చెమర్చలేదు. ఆ రోజు చెమర్చాయి. గాలికి దుమ్ము పడిందని చెప్పాను, ఆవిడ నమ్మలేదు.

యజమాని గడిలో పేరు రాయబోతే ఆవిడ వద్దంది, ఆఫీసు పేరు వెయ్యమంది. తీసేసే ముందు అడగాల్సింది ఎవర్నో ఆ గడి చెప్తుందని, ఆఫీసు పేరు పెడితే మళ్లీ నాలాంటిది ఎవరో వచ్చి ఊడ్చేస్తారని చెప్పాక ఒప్పుకుంది. వివరం ఆవిడే తెలుగులో చెప్పింది, నేను తెలుగు అక్షరాల్లోనే కొట్టాను. దాని కిందే, షెడ్డులో పని చేసే గుమాస్తా చేత అదే సంగతి అరవంలో రాయించాం. పైది నేను చదివి వినిపిస్తుంటే ఆవిడ తెర మీదికి వంగి ఒక్కో వరస కిందా వేలు పెట్టి చూసింది.

"మా ఇంటి మాటకు ఇంత రాత ఉండాదా?" అంది మెల్లగా. "మళ్లీ ఒక తూరి చదువు."

మళ్లీ చదివాను. ఆరున్నర బస్సుకు ఆవిడే మోపెడ్ మీద దింపింది. చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టింది, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. డబ్బు ఇవ్వబోతే చేతిని వెనక్కి నెట్టేసింది.

తెలియని నేలను బీడు అనడం ఎంత తేలికో, తెరవని పట్టికను చెత్త అనడం కూడా అంతే తేలిక. ఆ నల్లనేల జూలైలో నాకు చచ్చినట్టు కనిపించింది, నిజానికి అది తన నెల కోసం కూర్చుని ఉంది. రెంగమ్మాళ్ గారి టేబుల్ కూడా అంతే. మీరు ఇలాంటి పని మీద ఎక్కడికైనా వెళ్తే నాదొకటే సలహా: క్యాటలాగ్‌ని వెనక్కి ఒక పూర్తి ఏడాది చూడనివ్వండి, ఆ తర్వాత కూడా ఏదైనా తీసేసే ముందు బస్సెక్కి వెళ్లి, దీన్ని ఏ నెలలో తెరుస్తారు అని ఒక్క మాట అడగండి.

సెప్టెంబరు ఆఖరున, ఒక మంగళవారం పొద్దున హైదరాబాద్ ఆఫీసులో కాఫీ తాగుతూ అలవాటుగా ఆ క్యాటలాగ్ తెరిచాను. పదును పేరు పక్కన, చివరిసారి తెరిచింది రెంగమ్మాళ్, ఈ రోజు, ఉదయం అయిదూ నలభై అని ఉంది. కోవిల్‌పట్టిలో వాన పడింది.