కరువు గోరీల దగ్గర పులిహోర

ఐర్లండ్‌లో మే నెల మూడో ఆదివారం కరువు స్మారక దినం. మర్నాడు మా పదకొండేళ్ళ సహస్ర దాని గురించి క్లాసులో మాట్లాడాలి. "అది మీ వాళ్ళ కథ కాదుగా" అని తోటి పిల్ల అన్నదట. ఇక మాట్లాడనని భీష్మించుకు కూర్చుంది. బుజ్జగింపులు పనిచేయలేదు. ఆ కరువులో పోయినవాళ్ళ గోరీలు చూపిద్దామని బయలుదేరదీశాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటి దగ్గరి శాండీఫోర్డ్‌లో లూవాస్ ట్రామ్ ఎక్కి, ఊరి మధ్యలో మారి, హ్యూస్టన్ స్టేషన్‌లో అత్లోన్ రైలు పట్టుకున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళు టికెట్లు ముందే తీసుకోండి. ఎదుటి సీటు పెద్దాయన, "వాన రాదులే, గ్రాండ్‌గా ఉంటుంది" అని భరోసా ఇచ్చాడు. దిగేసరికి జల్లు పడుతోంది.

దారిలో సహస్రకు మా నానమ్మ, అనంతపురం జేజి, చెప్పిన 1876 నాటి ధాతు కరువు సంగతి చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ వింది.

స్టేషన్ నుంచి టాక్సీలో పదిహేను నిమిషాలు. పాత పేదల ఆశ్రమం వెనక గడ్డినేల, కింద గోరీలు, ఒక్కరి పేరూ లేదు. 1845లో బంగాళాదుంపకు తెగులు పట్టింది. దుంపే తిండిగా బతికిన పేదలు ఏళ్ళ తరబడి మాడారు, పది లక్షల మంది పోయారు. ఆ రోజుల్లోనే ఇక్కడి ధాన్యం ఓడలెక్కి పై దేశానికి పోతూ ఉంది. బోర్డు మీద అది చదివి నాకు ఒళ్ళు మండింది.

స్మారక దినానికి వచ్చిన జనం పూలు పెట్టి, మౌనం పాటించి కదిలారు. ఆకలేసి పులిహోర డబ్బా తీశాను. పోయినవాళ్ళకు పెట్టకుండా తినకూడదని జేజి పట్టింపు. ఒక ముద్ద పక్కనున్న గోడ మీద పెట్టాను.

సహస్ర మొహం ఎర్రబడింది. "అమ్మా, ప్లీజ్, లోపల పెట్టు. ఇక్కడ తిండి లేకే చచ్చిపోయారు."

"అందుకే కదమ్మీ పెట్టేది" అన్నానే గానీ, తప్పు చేశానేమోనని నాకూ బెరుకుగానే ఉంది.

గొడుగుతో ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి, ఆ అన్నం ఎవరికని అడిగింది. నేను చెప్పబోయేలోగా సహస్రే అందుకుంది. "మా అమ్మ వాళ్ళ ఊళ్ళల్లోనూ కరువొచ్చింది, దీని తర్వాత ముప్పై ఏళ్ళకు. మద్రాసు నుంచి ధాన్యం అలాగే ఓడల్లో పోయింది" అని తన ఐరిష్ యాసలో గబగబా చెప్పింది.

ఆవిడ గోడ దగ్గరికి జరిగింది. "మా ముత్తవ్వ చెల్లెళ్ళు ఇక్కడే ఉన్నారు పాపా. ఇన్నేళ్ళూ పూలే తెచ్చాను" అని నా డబ్బాలోంచి ఒక ముద్ద తీసి గోడ మీద పెట్టింది. ముగ్గురం అక్కడే నిలబడి మిగిలింది తిన్నాం.

నాలుగింటి రైల్లో సహస్ర రేపటి క్లాసు కాగితాలు తీసింది. "అమ్మా, ధాతు కరువుకు డే ఎప్పుడు?"

"లేదు. మనోళ్ళకు ఎవురూ ఏ దినమూ పెట్టలేదు."

పెన్ను కొరుకుతూ ఆలోచించింది. "అయితే వాళ్ళనూ మన ఈ డేలోకే వచ్చేయమను" అని రాసుకోవడం మొదలుపెట్టింది.