ఎర్ర గుర్తు ఫోల్డరు

బోధన్ బస్టాండు ఎదురుంగ డీటీపీ సెంటరు నడిపే ఆత్మారాం మౌసును ఎవ్వరినీ ముట్టనియ్యడు. గిరాకీ వస్తే తలెత్తడు, కూసోమనడు. కంప్యూటరుకు మాత్రం పొద్దున్నే వచ్చి బట్టతోటి మొఖం తుడుస్తడు. ఫోల్డర్లకున్న పసుపు బొమ్మలు తీసేసి తన గుర్తులు పెట్టుకున్నడు. పెండ్లి కార్డులకు పువ్వు, సచ్చినోళ్ల దినాల కార్డులకు దీపం. ఇంకొకదానికి ఎర్ర ఇంటూ. "గా ఎర్రది నాతోటి లొల్లి వెట్టుకున్నోళ్లది. సదువు రానోళ్లు గూడ సూసి గుర్తువట్టొచ్చు" అని వచ్చినోళ్లందరికీ బెదిరింపులెక్క చెప్తడు.

ఆ ఎండాకాలం ఎడపల్లి నుంచి బీడీలు చేసే హన్మవ్వ వచ్చింది. భర్త ముత్తన్న పోయి ఆరు దినాలయింది. దినాల కార్డు మీదికి ఫోటో కావాలె, ఇంట్ల ఒక్కటీ లేదు. రెండేండ్ల కింద ముత్తన్న ఈడనే ఒకటి స్కాన్ చేయించిండు. ఆత్మారాం వెతకలేదు, సీదా ఎర్ర గుర్తు మీద నొక్కిండు. ముత్తన్న మొఖం తెర నిండా వచ్చింది.

హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది. "మా ఆయన నీతోటి ఏం లొల్లి వెట్టుకుండే అన్నా?"

ఆత్మారాం శానసేపు ఆలోచన చేసిండు. యాదికి రాలేదు. "ఏమో. ఏదో ఉంటది."

"సచ్చినోనితోటి లొల్లేంది? గా ఎర్రదాంట్లకెంచి తియ్యి."

ఆత్మారాం ఫోటోను దీపం గుర్తు ఫోల్డర్ల వేసిండు, కార్డులు తీసిచ్చిండు. ఆమె రోడ్డు దాటి బస్సెక్కేదాక చూసిండు. అప్పుడు ముత్తన్నను గుంజుకపోయి మళ్ల ఎర్రదాంట్లనే వేసిండు.