తోక పడవ నాగజ్యోతి

ఆళ్లగడ్డ బజారులోని స్టీలు సామాన్ల అంగడికి వెళ్ళి నాగజ్యోతిని పూర్తిగా పిలవనక్కర్లేదు. "జ్యో" అనేలోపే లోపలి నుంచి "ఓయ్, వస్తాండా" అని వినబడుతుంది. ఒక్కోసారి ఎవరూ పిలవకపోయినా వినబడుతుంది. అప్పుడు గల్లా పెట్టె దగ్గర కూర్చున్న ఆమె భర్త వెంకటేష్ తల ఎత్తకుండానే, "ఎవురూ పిల్చలేదు. నీ పని నువ్వు చూసుకో" అంటాడు. ఆమె వాకిట్లోకి వచ్చి రోడ్డుకు రెండు వైపులా చూస్తుంది. మళ్ళీ లోపలికి వెళ్ళి, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ ముందు కూర్చుంటుంది.

మొన్నమొన్నటి దాకా ఆమె ఇలా ఉండేది కాదు. పిలిస్తే పలకని మనిషని బజారంతా పేరు. అంగడికి వచ్చినవాళ్ళతో వెంకటేష్ నవ్వుతూ చెప్పేవాడు: "మా ఇంట్లో ఆయమ్మను మూడు మాట్లు పిలవాలప్పా. మొదటి రెండూ దయ్యాల లెక్క. మూడోది మొగుని లెక్క."

ఆ అలవాటు పుట్టింటిది. నాగజ్యోతి తండ్రి మాధవయ్యకు రిజర్వాయరు అవతలి పల్లెలో చిల్లర అంగడి ఉండేది. నల్లమల అంచున ఉన్న ఆ రిజర్వాయరును ఇక్కడ అందరూ కట్ట అనే అంటారు. ఒడ్డు పొడవునా ఉన్న చిన్న చిన్న పల్లెలకు మాధవయ్య ఉప్పు, బెల్లం, కిరసనాయిలు పుట్టిలో వేసుకొని పోయేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. అందులో బస్తాల మధ్య కూతుర్ని కూర్చోబెట్టుకొనేవాడు. సందె చీకట్లో తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటే మాట చెప్పేవాడు.

"నీళ్ళమీద ఎనక నుంచి ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు పాపా. తిరిగి సూడొద్దు. మనిషైతే మూడోసారి గూడా పిలుస్తాడు. అదైతే రెండుతోనే ఆపేస్తాది."

"అది అంటే ఏంది నాయనా?"

"దాని పేరు గూడా నీళ్ళమీద అనగూడదు. కూసో."

ఆ పల్లెల్లో ఇది అందరూ పాటించేదే. తల్లి బిడ్డను పిలిచినా, పొలం నుంచి అన్న తమ్ముణ్ణి పిలిచినా, పొద్దు వాలితే మూడుసార్లు పిలుస్తారు. మొదటి రెండు పిలుపులకు పలకకపోయినా ఎవరూ నొచ్చుకోరు. నాగజ్యోతి పెళ్ళయి ఆళ్లగడ్డకు వచ్చింది, పిల్లల్ని పెంచింది, వాళ్ళను హాస్టళ్ళకు పంపింది. మూడో పిలుపు అలవాటు మాత్రం పోలేదు.

నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేసే వేణుమాధవ్ పడవల సంఘం పెట్టినప్పుడు ఆమె మొదట్లోనే చేరింది. బేతంచెర్ల నుంచి బండలు తెచ్చే లారీల షెడ్డు పక్కన ఖాళీ గోడౌను అద్దెకు తీసుకొని, అందులో రంగురంగుల కయాక్‌లు, పెద్దదైన ఒక కెనూ పెట్టాడు ఆయన. కయాక్ ఒక్కరు కాళ్ళు చాపుకొని కూర్చునే సన్నటి పడవ. కెనూలో ఇద్దరు ముగ్గురు పడతారు. శివరాత్రి దాటాక గాలి నెమ్మదిస్తుంది. ఉగాది తర్వాత కొన్నాళ్ళకు నీళ్ళు కాలవలకు పోయి అడుగు తేలుతుంది. ఆ నడుమ కాలమే మా సంఘానికి సీజను. ఆదివారం ఎండ తగ్గాక కట్ట నీళ్ళలోకి దిగుతాం. దీపాల వేళకు ఒడ్డుకు చేరతాం.

నేను స్నేహితురాలు కావ్య బలవంతం మీద చేరాను. తెడ్డు ఎలా పట్టుకోవాలో నేర్పింది నాగజ్యోతే. "నీళ్ళను కొట్టొద్దు. పక్కకు జరుపు, అంతే. పుస్తకంలో పేజీ తిప్పినట్ల" అంది. ఆమె ఎప్పుడూ అందరికన్నా వెనక ఉండేది. ముందు వేణుమాధవ్, చివర నాగజ్యోతి, మిగతావాళ్ళం మధ్యలో. ముందు పడవను దాటకూడదు, తోక పడవకు వెనక పడకూడదు. ఇదే మా సంఘం నియమం. అలిసినవాళ్ళ పక్కకు చేరి ఏదో ఒకటి అంటూ ఒడ్డుదాకా తెచ్చేది ఆమె.

సంజీవయ్య ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. ఉండేది నంద్యాలలో. మనిషి ఎక్కడుంటే అక్కడ బస్సు ఉన్నట్టే. పడవలు దించేటప్పుడు "ఎక్కండి ఎక్కండి" అనేవాడు. బయలుదేరేటప్పుడు తెడ్డుతో కయాక్ అంచు మీద తట్టి "రైట్ రైట్" అనేవాడు. లైఫ్ జాకెట్‌కు దారంతో కట్టిన విజిల్‌ను మాత్రం మొదటిరోజే కత్తిరించి వేణుమాధవ్ చేతిలో పెట్టాడు.

"ప్రమాదమైతే ఏం చేస్తావన్నా?" అన్నాడు వేణుమాధవ్.

"ఉద్యోగమంతా ఊదుకుంటానే బతికినా అప్పా. రిటైరైనాక నోట్లో విజిల్ పెట్టనని మా ఆయమ్మకు మాటిచ్చినా. అరిస్తే ఆళ్లగడ్డకు వినబడతాది నా గొంతు, నీకేం భయం?"

"ఆళ్లగడ్డలో ఆయమ్మ మూడోసారికి గానీ పలకదంట, సూసుకో" అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. నాగజ్యోతి కూడా నవ్వింది.

పోయిన ఏడు సీజనులోనే ఒక ఆదివారం. తిరిగి వస్తున్నాం. కట్ట మధ్యలో ఒకచోట నీళ్ళలో మునిగి ఎండిపోయిన చెట్లు గుంపుగా ఉంటాయి. కొమ్మలు లేవు, మోళ్ళు మాత్రం తెల్లగా నిలబడి ఉంటాయి. వాటికి కుడి పక్కన మా దారి. సంజీవయ్య ఎడమ పక్కకు వెళ్ళాడు. అక్కడ నీటికాకుల గూళ్ళున్నాయని ముందు వారమే అన్నాడు. చూసి చప్పున వచ్చి కలుసుకోవచ్చనుకున్నాడేమో. పొద్దు మాకు ఎదురుగా దిగుతోంది. నీళ్ళంతా కళ్ళల్లోకి మెరుస్తున్నాయి. ముందున్న పడవలు నాగజ్యోతికి నల్లటి గుంపుగా కనబడ్డాయి. ఆయనా అందులోనే ఉన్నాడనుకుంది.

మోళ్ళు దాటి కొంత దూరం వచ్చాక వెనక నుంచి పిలుపు వినబడింది.

"జ్యోతమ్మా!"

తెడ్డు ఆగిపోయింది. తోక పడవ వెనక మనిషి ఉండడు, అది సంఘం నియమం. సందె వేళ నీళ్ళమీద మొదటి పిలుపుకు పలకకూడదు, అది నాయన మాట. ఆమె మెడ ముందుకే బిగుసుకుంది.

"జ్యోతమ్మా!"

ఆమె కదలకుండా మూడో పిలుపు కోసం కాచుకుంది. పడవ దానంతటది మెల్లగా తిరుగుతుంటే తెడ్డుతో ఆపి ముఖం పొద్దు వైపే ఉంచుకుంది. మూడో పిలుపు రాలేదు. రాకపోయేసరికి ఆమె మనసు కుదుటపడింది. మనిషి కాదు, నాయన చెప్పిన అదేలే అనుకుంది. గట్టిగా తెడ్డు వేసి మమ్మల్ని అందుకుంది.

ఒడ్డున చూస్తే సంజీవయ్య లేడు. వెనక్కి వెళ్ళేసరికి ఆయన నీలం రంగు కయాక్ బోర్లా తేలుతోంది. ఆయన మోడు పక్కన జాకెట్‌తో తేలుతూ ఉన్నాడు. ఒక చెయ్యి మోడు చుట్టూ వేసి ఉంది. బస్సులో రాడ్డు పట్టుకొని నిలబడ్డట్టే ఉన్నాడు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు ఆగిందో ఆయనా చెప్పలేదు. ఊరట కోసం మేమే చెప్పుకున్నాం, నీళ్ళలో పడకముందే పోయాడని, ఏమీ తెలియలేదని. ఆ చేతి సంగతి ఎవరం ఎత్తలేదు. ఆయన భార్య అనసూయమ్మ అందరి మాటా విని, చివరికి నాగజ్యోతి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అందరికన్నా ఎనకుండేది నువ్వే గదమ్మా. ఏమన్నా అరిచినాడా?"

"లేదక్కా" అంది నాగజ్యోతి.

"అయితే కష్టపడలేదు. అరవకుండా ఉండేటోడు కాదు ఆయన" అని అనసూయమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడంతా ఆ ఒక్క మాట పట్టుకొని బతికింది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. "తోక పడవ ఆయమ్మే చెప్పింది. అరుపు గూడా లేదంట."

నాగజ్యోతికి ఆ తర్వాత నుంచే మొదలైంది. కుళాయి తిప్పితే పిలుపు. గిన్నెలు కడిగిన నీళ్ళు మోరీలో పడితే పిలుపు. ఎప్పుడూ రెండే. మూడోది రాకముందే పలకాలని ఆమె తొందర. పలికి బయటికొస్తే ఎవరూ ఉండరు.

ఈ ఏడు శివరాత్రి దాటాక అనసూయమ్మ ఆళ్లగడ్డ వచ్చింది. సంవత్సరీకానికి బంధువులకు పంచడానికి స్టీలు డబ్బాలు కావాలంది. మూత మీద సంజీవయ్య పేరు, కింద జ్ఞాపకార్థం అని కొట్టాలి.

"నీ చేత్తోనే కొట్టు జ్యోతీ. చివర్లో పక్కనున్నదానివి."

డబ్బాల మూట విప్పి నాగజ్యోతి మిషన్ ముందు కూర్చుంది. సూది స్టీలు మీద తిరుగుతున్నంతసేపూ ఆ రొద తప్ప ఏమీ వినబడదు. ఒక పేరు పూర్తయి మిషన్ ఆగగానే పిలుపు. "ఓయ్" అంటుంది. మళ్ళీ ఇంకో డబ్బా. సాయంత్రానికి వెంకటేష్ మిషన్ వైరు పీకేశాడు.

"ఏందే నీ కత? ఆ పొద్దు నుంచి సూస్తాండా. ఎవురికి పలుకుతాండావ్?"

ఆమె వైరు మళ్ళీ తగిలించి ఇంకో డబ్బా అందుకుంది. పేర్లన్నీ కొట్టడం పూర్తయ్యాక అనసూయమ్మ ఇంకొకటి అడిగింది. ఆయన పోయిన చోటికి తనను పడవలో తీసుకుపోవాలని. "ఆయనకు ఉగ్గాని అంటే పానం. కాస్త ఆడ వదిలేసి వస్తా. ఇంకెవురి పడవలో ఎక్కను. నువ్వైతేనే."

ఆ ఆదివారం కెనూలో ముందు అనసూయమ్మ, వెనక నాగజ్యోతి. తోడుగా నేను పక్కన నా కయాక్‌లో వెళ్ళాను. అనసూయమ్మ ఒళ్ళో ఆయన పేరున్న డబ్బా, దానిలో బొరుగులతో చేసిన ఉగ్గాని. దారి పొడవునా మొగుణ్ణి తిడుతూనే ఉంది. "ఈ వయసులో నీళ్ళేందయ్యా అంటే, బస్సులో ఊగి ఊగి నేలమీద నిద్ర పట్టలేదు అనేటోడు. సూడు, నన్ను గూడా ఎక్కించినాడు."

మోళ్ళ దగ్గరికి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. పోయిన ఏటి కన్నా నీళ్ళు తక్కువ. మోళ్ళ మీద పాత నీటి గుర్తు తెల్లగా చుట్టూ ఉంది. అనసూయమ్మ డబ్బా మూత తీసి ఉగ్గాని పిడికెడు నీళ్ళలో వదిలింది. చిన్న చేపలు వచ్చి పొడిచాయి.

"పుణ్యాత్ముడు. అరవకుండా పోయినాడు" అంది మెల్లగా.

అప్పుడే నాగజ్యోతి వెనక్కి తిరిగి, "ఓయ్, వస్తాండా!" అంది.

వెనక ఎవరూ లేరు. నాకేమీ వినబడలేదు. నీటికాకి ఒకటి మోడు మీంచి లేచింది, అంతే.

అనసూయమ్మ పడవలో మెల్లగా వెనక్కి తిరిగింది. "ఎవురు పిల్చినారు?"

నాగజ్యోతి తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. "సంజీవయ్యన్నే" అంది. "ఆ పొద్దు గూడా పిల్చినాడక్కా. రెండు మాట్లు. నేను మూడోదానికి కాచుకున్నా. పలకలేదు. నీకు అబద్ధం చెప్పినా."

అనసూయమ్మ డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. మీద ఉన్న పేరును బొటనవేలితో తడిమింది.

"మూడోది ఎట్లొస్తాది?" అంది చివరికి. "కండక్టరు. దేన్నైనా రెండేసార్లు అనేటోడు. ఎక్కండి ఎక్కండి. రైట్ రైట్. ఇంట్లో నీళ్ళు కావాలన్నా అనసూయా అనసూయా అని రెండుసార్లు పిలిచి, తనే లేచిపోయేటోడు. మూడోసారి ఎప్పుడన్నా పిలిచినాడా?"

నాగజ్యోతి తల వంచుకుంది.

"ఎట్ల పిలిచినాడో పిలువు."

"వద్దక్కా."

"పిలువు. నేను వినాల. సంవత్సరమైంది ఆయన గొంతు విని."

నాగజ్యోతి పిలిచింది. తన పేరు తానే, మగగొంతు లాగా కిందికి దించి, చివర సాగదీసి. "జ్యోతమ్మా!" సంజీవయ్య టికెట్టు తీసుకోని వాళ్ళను పిలిచే పద్ధతి అది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. "జ్యోతమ్మా!"

మోళ్ళ మధ్య ఆ మాట తిరిగి తిరిగి ఆగిపోయింది. ముగ్గురం కదల్లేదు. దేని కోసం చూస్తున్నామో ముగ్గురికీ తెలుసు.

అనసూయమ్మ నీళ్ళ వైపు తిరిగి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"జ్యోతమ్మా!" అని అరిచింది.

అది మూడోది.

"ఓయ్" అంది నాగజ్యోతి. ఆ మాట సగంలోనే విరిగిపోయింది. "ఓయ్ అన్నా. వస్తాండా. వస్తాండా."

ఆమె ఏడుపు ఆగేదాకా అనసూయమ్మ ఆమె వైపు చూడలేదు. "ఈ ఒక్క మాట కోసరం, ఆ మాను పట్టుకోని, ఎంతసేపు చూసినాడో మనిషి" అంది. ఓదార్పు లేదు ఆ గొంతులో. కొంతసేపటికి, "ఇంగ తిప్పు" అంది.

సంవత్సరీకానికి మా అందరికీ డబ్బాలు అందాయి. నాగజ్యోతికి రాలేదు. ఆమె అడగలేదు. తోక పడవ ఇక వద్దని వేణుమాధవ్‌తో అంటే ఆయన ఒప్పుకోలేదు. నీళ్ళు అడుగంటే దాకా ఆ సీజనంతా ఆమే వెనక వచ్చింది, ప్రతి నాలుగు తెడ్లకూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తూ.

ఉగాది తర్వాత ఒకరోజు నేను చట్నీ గిన్నెల కోసం ఆమె అంగడికి వెళ్ళాను. మాట్లాడుతుండగా నంద్యాల బస్సు వచ్చి ఆగింది. అనసూయమ్మ దిగి, రోడ్డు దాటి, మెట్లు ఎక్కకుండా ఎండలోనే నిలబడింది. చేతిలో గుడ్డసంచి, అందులో డబ్బా ఆకారం.

"జ్యోతీ" అంది, ఒక్కసారే. అని నోరు మూసుకొని, లోపలికి చూస్తూ నిలబడింది.

నాగజ్యోతి అప్పటికే లేచింది.