‘హీ’ అంటే మా ఆయనే

తెలుగు అక్షరాలు యాభై ఎనిమిదేళ్ళకు, ఇంగ్లీషు అక్షరాలు అరవై మూడేళ్ళకు నేర్చుకున్నాను. అంతవరకూ వేలిముద్రే. మాది బెంగాల్లో ఒక రైల్వే ఊరు. సుభాష్‌పల్లిలో మా ఎదురింటి వదిన రోజూ పరామర్శించేది: “ఈ వయసులో ఇంగ్లీసు నేర్సీసి ఏటి సేస్తావు, రైల్వేకి జీఎంవి అయిపోతావేటి?” మందు చీటీలు చదివించుకోవడానికి మాత్రం నా దగ్గరికే వచ్చేది, ఏ మొహమాటమూ లేకుండా.

నాకు చదువు చెప్పింది ప్రేమ్ బజార్‌లో గది అద్దెకు తీసుకుని, పెద్ద కాలేజీలో పరిశోధన చేసుకుంటున్న వరంగల్ పిల్ల. ఆదివారం పొద్దున్న నలుగురు ఆడవాళ్ళం ఆమె మంచం మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ముందు ఒక పేరు రావాలట. ఆ తర్వాత పేరుకు బదులు వచ్చే మాట దానికి సరిపోవాలట. మగవాడైతే హీ, ఆడదైతే షీ, బల్ల అయితే ఇట్. నాకు భలే సంతోషమేసింది. తెలుగులో నేనూ మా మేకా ఇన్నేళ్ళూ ‘అది’గానే బతికాం. మేకను పక్కకు తోలి నన్ను షీ చేసినందుకు ఇంగ్లీషువాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇంట్లోవాళ్ళ గురించి రాసుకు రమ్మంటే ఒక పేజీ రాశాను. హీ వర్క్‌షాప్‌లో రిటైరైన ఫిట్టరు, హీకి చేపల పులుసు ఇష్టం, హీకి కోపం ఎక్కువ. ఆ పిల్ల ఒక్కొక్క హీకీ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

“పెద్దమ్మా, ఈ హీ ఎవరు?”

“ఎవరేటి, ఆయనే.”

“ఆయనంటే?”

“మా ఇంట్లో ఉన్నాయన.”

“ముందు పేరు రాయాలె పెద్దమ్మా. లేకుంటే చదివేటోళ్ళకు ఎట్ల తెలుస్తది?”

“మా లైన్లో అందరికీ తెలుసమ్మా.”

మొగుడి పేరు మేం పలకం. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కినప్పుడు మా అత్తలు మూటల్లో కట్టుకొచ్చిన మర్యాదల్లో ఇదొకటి. రేషన్ షాపులో పేరడిగితే పక్కావిడ చెప్పాలి. ఆయన పేరే ఉన్న కూరల వ్యాపారిని నేను నలభై ఏళ్ళుగా ‘వంకాయలాయన’ అనే పిలిచాను. ఆయన నన్ను ‘ఒసే’ అంటారు. ఆ ఒసేకి ముందు పేరేదని ఏ మాస్టారూ సున్నా చుట్టలేదు.

అంతలో ఆయన కళ్ళకు పొర కమ్మింది. రైల్వే ఆసుపత్రిలో ఆపరేషన్ తేదీ ఇస్తే దగ్గు పట్టుకుని అది కాస్తా పోయింది. ఇంకా ఆలస్యం చేస్తే కుడికన్ను మీద ఆశ వదులుకోవలసిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొత్త తేదీ కోసం దరఖాస్తు పెట్టాలి. ఇన్నాళ్ళూ ఇంట్లో దరఖాస్తులు రాసింది ఆయనే. నేను రాస్తానన్నాను.

“నువ్వా? ఉన్న కన్నూ పోతాది,” అన్నారు, ఎంతో నమ్మకంతో.

ఇంగ్లీషులో రాశాను. మా మరిది తోడు వస్తాడని అతని పేరు నిండుగా రాశాను, మరిది పేరుకు అడ్డేమీ లేదు కదా. ఆ కింద హీకి కుడికన్ను కనిపించదు, హీకి దగ్గు తగ్గింది, హీకి తేదీ ఇవ్వండి. మగవాడు గనక హీ. పాఠం తప్పలేదు. ప్రేమ్ బజార్ పిల్లకు చూపించలేదు, పొగరు.

తేదీ వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. నర్సు మరిది పేరు పిలిచింది. తోడొచ్చినవాళ్ళను పిలుస్తున్నారనుకుని లోపలికి వెళ్ళాడు. రెండు నిమిషాలకు కుడికన్ను మూసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఓదినా! నా కంట్లో మందేసీసినారు! నాకేటీ అవ్వలేదని సెప్పు!”

మా ఆయన పేరు లిస్టులోనే లేదు. కౌంటర్లో బెంగాలీ గుమాస్తా నా కాగితం నా ముందే పెట్టాడు.

“మాషీమా,” అన్నాడు, మనం పిన్నిగారూ అన్నట్టు. “ఇందులో ఒక్క మగవాడి పేరే ఉంది. కన్ను అతనిదే అనుకున్నాం.”

మరిది నోరు తెరిచాడు. గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. “దరఖాస్తు ఎవరు రాశారో వాళ్ళే దిద్ది సంతకం చెయ్యాలి. తొందరగా కానివ్వండి, డాక్టరుగారు మధ్యాహ్నం వెళ్ళిపోతారు.”

బెంచీ మీద మా ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనకు గోడైనా, నేనైనా అప్పటికి ఒక్కటే. కలం తీసుకున్నాను. మొదటి హీ కొట్టేసి దాని మీద ఆయన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. అక్షరాలు వంకరపోయాయంటే తప్పు నాది కాదు. ఆ కలం మంచిది కాదు.

“చదివి చెప్పండి మాషీమా.”

“నువ్వే సదువుకో దాదా. అంత సదువు నీకుంది కదా.”

“ఏటి రాసినావే?” అని బెంచీ మీంచి కేక.

“మీ పేరే. మరిది కన్ను కోస్తే మీకు అగుపడతాదేటి?”

 నర్సు పిలవగానే ఆయన లేచి, నా భుజం పట్టుకుని తలుపుదాకా నడిచారు.

కట్టు విప్పిన రోజు డాక్టరు బల్ల మీద ఫైలు తెరిచి ఉంది, పైనే నా దరఖాస్తు. ఆయన దాని మీదికి వంగి, కుడికన్ను చిట్లించి, కాసేపు చూశారు.

“ఇవేం అచ్చరాలే, పీతలు పాకినట్టు,” అన్నారు.