రెండు గాట్ల మెమరీ

చిలకలపూడిలో మేం అద్దెకున్న ఇంటి వీధిగదిలో మా వదిన డీటీపీ సెంటరు పెట్టింది. అన్నయ్య బస్సు కండక్టరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరకని నేను వదిన పక్కన కూర్చుని తెలుగు టైపింగు నేర్చుకున్నాను. శుభలేఖలు, ఓణీల ఫంక్షను కార్డులు, చర్చి కూటాల కరపత్రాలు, ఇవే మా పని.

ఒకరోజు మా వీధి చివర రోల్డుగోల్డు నగలు చేయించే పెద్దాయన వచ్చారు. ఇన్నాళ్లూ మచ్చు నగలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగేవారట. మోకాళ్లు సహకరించడం లేదు. రంగుల్లో ఒక పుస్తకం వేయించి షాపులకి పంపిస్తే, బొమ్మ చూసి ఫోనులోనే చెబుతారు కదా అని ఆయన ఆలోచన. ఫొటోలన్నీ సీడీలో తెచ్చారు. కార్డులు, కరపత్రాలు కాని పని మా గుమ్మంలోకి రావడం అదే మొదలు. వదిన ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా సరేనంది.

మొదటి పేజీలో కాసులపేరు బాగానే కూర్చుంది. పక్కన చంద్రహారం పెట్టేసరికి కంప్యూటరు మొరాయించింది. టీ కాచుకుని వచ్చేలోగా సగం బొమ్మ కనిపించేది. ఇంకో నగ పెడితే బిగుసుకుపోయేది. చాలినంత మెమరీ లేదని స్క్రీను మీద ఇంగ్లీషులో వచ్చేది. ఆపడం, మళ్లీ పెట్టడం, మళ్లీ మొదటి పేజీ. ఇలా అయితే పెద్దాయన పని విజయవాడ వెళ్లిపోతుందని నాకు బెంగ పట్టుకుంది.

అన్నయ్య డ్యూటీ మీద విజయవాడ వెళ్లినప్పుడు మెమరీ తెచ్చాడు. వేలెడు వెడల్పున్న పచ్చటి పలక, మీద నల్లటి చిప్పులు. కంప్యూటరు డబ్బా మూత తీసి చూస్తే, అది మా బోర్డులో దిగలేదు. పాతదాన్ని ఊడదీసి పక్కన పెట్టి చూశాం. పాతదాని అడుగంచుకి రెండు గాట్లున్నాయి, కొత్తదానికి ఒకటే ఉంది. కాస్త గట్టిగా నొక్కితే దిగుతుందేమోనని అన్నయ్య బొటనవేలు ఆనించాడు. వదిన అతని మణికట్టు పట్టుకుంది.

"నొక్కితే దిగేదైతే గాటెందుకు పెడతారండీ? ఇది వేరే జాతిది."

అన్నయ్య తర్వాతి ట్రిప్పులో దాన్ని తిరిగి ఇచ్చేసి వచ్చాడు. ఈసారి మెమరీని వెతుక్కుంటూ వెళ్లడం కాదు, కంప్యూటరునే తీసుకెళదామంది వదిన. దాన్ని మాకు బిగించి ఇచ్చినాయన షాపు గుడివాడలో ఉంది. డబ్బాని దుప్పట్లో చుట్టి, వదినా నేనూ బందరు పాసింజరు రైలెక్కి, మార్చి మార్చి ఒళ్లో పెట్టుకున్నాం. పెడనలో ఎక్కిన ఒకావిడ అది మిక్సీయా అని అడిగింది. కంప్యూటరని వదిన చెబితే, మరి టీవీ ఏదంది. టీవీని ఇంట్లో కాపలా ఉంచామని వదిన నవ్వకుండా జవాబిచ్చింది. ఆవిడ జరిగి మాకు కాస్త చోటిచ్చింది.

గుడివాడ షాపాయన మూత తీసి, చూసి, పెదవి విరిచారు. ఈ రకం ఇప్పుడు రావడం లేదట. బోర్డు, ప్రాసెసరు, మెమరీ మొత్తం మార్చుకోవడమే మంచిదన్నారు. నేను స్టూలు మీద కూలబడ్డాను. వదిన మాత్రం నిలబడే ఉంది.

"ఇలా మొత్తం మార్పించుకున్నవాళ్ల పాత మెమరీలు ఏం చేస్తారండీ?" అని అడిగింది.

ఆయన ఆమె వంక చూసి, లోపలికెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించారు. రెండు గాట్లున్నవి మేం ఏరాం. ఒకటి పెడితే కంప్యూటరు కీచుమని అరిచింది తప్ప, దానికి తగిలించిన షాపు స్క్రీను వెలగలేదు. ఇంకొకటి చక్కగా దిగింది గానీ, రెండు వందల యాభై ఆరు ఎంబీ అని రాసున్నదాన్ని మా బోర్డు సగమే లెక్కపెట్టింది. ఆయనకీ పట్టుదల వచ్చినట్టుంది, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గాట్లు కలిసినంత మాత్రాన సరిపోదని, చిప్పులు తక్కువగా ఉండి ఒక్కొక్కటీ ఎక్కువ మెమరీ పట్టేదైతే పాత బోర్డు దాన్ని పూర్తిగా గుర్తుపట్టలేదని చెప్పారు. వెనకా ముందూ రెండు వైపులా చిప్పులున్నవి చూడమన్నారు. కుప్ప అడుగున ఒకటి దొరికింది. వదిన రబ్బరుతో దాని అంచు తుడిచింది. నేను రెండు చివర్లా సమంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడ్డాయి. స్క్రీను మీద అంకెలు పరుగెత్తి, పాతదీ కొత్తదీ కలిపి పూర్తిగా చూపించాయి.

"ఎక్కింది," అన్నారాయన.

వదిన అంతటితో ఊరుకోలేదు. మా పుస్తకం తెరిచి చూస్తామంది. కాసులపేరు, చంద్రహారం, వడ్డాణం, జుంకాలు, పేజీ మొత్తం ఒక్క ఊపున పరుచుకుంది. నేను ఇంకో పేజీ తిప్పాను. అదీ వచ్చింది. ఇంట్లోంచి భోజనం క్యారియరు తెచ్చిన షాపాయన భార్య మా వెనకే నిలబడిపోయి, ఆ వడ్డాణం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. వదిన పెద్దాయన కార్ఖానాకి దారి చెప్పింది. ఏడవాలో నవ్వాలో తెలియక నేను దుప్పటి మడతపెడుతూ కూర్చున్నాను.

పుస్తకం అచ్చయి వచ్చినరోజు పెద్దాయన మా వీధిగదిలోనే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశారు. చూసి, తనలాగే నగలు చేయించేవాళ్లు ఇంకా ముగ్గురు ఇలాంటి పుస్తకం వేయించుకుంటామంటున్నారని చెప్పారు. ఆ ఏడాదే రెండో కంప్యూటరు కొన్నాం. అది నా బల్ల మీదకి వచ్చింది.

తర్వాతి వానాకాలంలో కోడూరు నుంచి టైపు ఇన్‌స్టిట్యూటు నడిపే ఒకావిడ తన డబ్బాని బస్సులో తెచ్చుకుంది. ఎవరో మా పేరు చెప్పారట. మెమరీ పెంచుకోవాలంది. నేను ఆవిడకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేలోపే వదిన స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి, "నువ్వు తియ్యి, నేను చూస్తాను," అంది.