అందరి మాదిరే

ఏళ్ల తరబడి గుండెల మీద మోస్తున్న బరువు ఇది. మీకే చెబుతున్నాను. ఓదార్చమని అడగడం లేదు. నేను పనిమంతురాలిని, ఆ మాట ఇప్పటికీ తలెత్తుకునే అంటాను. తప్పు చేసింది చేతకాక కాదు. అన్నీ తెలిసే చేశాను.

మాది హిందూపురం. నాయనకు చింతపండు వ్యాపారం. నేను పీహెచ్‌డీ పట్టా కోసం ఎండోమెట్రియోసిస్ మీద పరిశోధన చేశాను. గర్భాశయం లోపొర లాంటిదే బయట ఎక్కడెక్కడో పెరిగి, నెలనెలా ఆడవాళ్లను మెలిపెట్టే జబ్బు అది. జబ్బున్నవాళ్ల లోపొరలో అరోమటేస్ అనే ఎంజైము కనబడుతుందనీ, లేనివాళ్లలో కనబడదనీ నేను చూపించాలి. పోలికకు జబ్బులేని ఆడవాళ్లు కావాలి. అలా దొరికింది నాగరత్న. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. ఇక పిల్లలు వద్దని ఆపరేషనుకు వచ్చి, పరీక్షకు లోపొర నుంచి చిన్న ముక్క ఇవ్వడానికి ఒప్పుకుంది. నెలసరిలో నొప్పి ఉంటుందా అని అడిగాను. అందరి మాదిరే అంది. అంటే లేనట్టే అనుకున్నాను. ఈ సీమలోనే పుట్టి, ఆ మాట వింటూనే పెరిగినదాన్ని, ఇంకొక్క ప్రశ్న ఎందుకు వేయలేదు?

ఆమె ముక్కకు రంగు వేసి చూస్తే ఎంజైము స్పష్టంగా కనబడింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఆ ఒక్కటి ఉంటే నేను చూపించాలనుకున్నదంతా చిందరవందర అవుతుంది. ముక్క చెడిపోయిందని, నా పరిశోధనకు గైడుగా ఉన్న మా సారుకు చెప్పి పక్కన పెట్టేశాను. ఆయన నమ్మాడు. నా చేతి పనిని ఎవరూ శంకించేవాళ్లు కాదు. ఆమెను పిలిపించి, ఒకసారి డాక్టరుకు చూపించుకోమని చెప్పాలని తోచలేదా? తోచింది. కానీ నాకు పట్టా ముందు, మనిషి తర్వాత.

మొన్న చెల్లెలి కూతురి పెళ్లిచీరల కోసం పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లి, ఒక నేతగాళ్ల ఇంట్లో ఆమెనే చూశాను. మగ్గం మీద భర్త ఉన్నాడు. ఆమె గోడకు చేరగిలబడి కండెలు చుడుతోంది. ఆ జబ్బే ముదిరి, కడుపులో గడ్డ కట్టి ఆపరేషన్ చేశారట, అప్పటి నుంచి నేయడానికి మగ్గం గుంతలోకి దిగలేదట. వసారాలో వేరే చాప మీద కూతురు మోకాళ్లు ముడుచుకుని పడుకుంది.

"పాపకేమైందక్కా?"

"బయటుండాది మేడమ్. అందరి మాదిరే నొప్పి."

ఈసారి అడిగాను. "అందరూ అంటే ఎవరక్కా?"

"మా యమ్మ, మా యక్క, నేను. మా ఇంట్లో అందరికీ ఇట్లే. ఆ దినాల్లో లేసి నిలబడేకి కాదు."

నేను అందరూ అంటే లోకం అనుకున్నాను. ఆమెకు అందరూ అంటే ఆ ఇల్లే. సిగ్గుతో చచ్చిపోయాను.

పాపను వెంటనే చూపించాలని గట్టిగా చెప్పాను. ఎక్కడికి వెళ్లాలో, ఏమని అడగాలో చెప్పి, తల్లిని ఒప్పించాకే లేచాను. నాగరత్న నా చేతులు పట్టుకుని, సొంత మనిషి మాదిరి చెప్పినావు అంది. చేతులు వెనక్కి తీసుకోలేదు నేను. నిజమూ చెప్పలేదు. ఆమె తిడితే పడగలను. అయ్యో పోనీలే మేడమ్ అంటే ఏం చేయాలి?

అయినా చెబుతాను. మా సారుకూ చెబుతాను. ముందు మీ దగ్గర నోరు పెగిలింది, ఈ పూటకు అదే చాలు. ఆ ముక్క చెడిపోలేదు. నిక్షేపంగా ఉంది. చెడిపోయిందని నేను అబద్ధం చెప్పాను.